గన్నవరం నుంచి రేణిగుంటకు: వైమానిక దూరాన్నీ ప్రయాణ సమయాన్నీ లెక్కగట్టడం ఎలా?

విజయవాడ నుంచి తిరుపతికి రోడ్డు మీద నాలుగు వందల కిలోమీటర్లకు పైనే ఉంటుంది. ఒంగోలు, నెల్లూరుల మీదుగా కోస్తా వెంబడి చుట్టి రావడం వల్ల అంత అవుతుంది. విమానానికి ఆ చుట్టు లేదు కాబట్టి, గన్నవరం, రేణిగుంట విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే చాలు, వాటి మధ్య దూరాన్ని కాగితం మీదే కట్టవచ్చు.

గన్నవరం 16.53 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, రేణిగుంట 13.63, 79.54 డిగ్రీల మీద ఉంది. అక్షాంశాల తేడా 2.90. ఒక్కో డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు కనుక దక్షిణానికి 322 కిలోమీటర్లు వస్తాయి. రేఖాంశాల తేడా 1.26 అయినా దాన్ని నేరుగా 111తో హెచ్చవేయకూడదు. భూమధ్యరేఖ నుంచి ఎగువకు వచ్చేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి కాబట్టి, మధ్య అక్షాంశమైన 15 డిగ్రీల కొసైన్‌తో, అంటే 0.966తో కూడా గుణించాలి. అప్పుడు పడమరకు 135 కిలోమీటర్లు తేలుతుంది. ఈ రెండింటి వర్గాలను కూడి వర్గమూలం తీస్తే 349 కిలోమీటర్లు, అంటే విమానయానంలో వాడే కొలతలో సుమారు 188 నాటికల్ మైళ్లు (ఒక్కోటి 1.852 కిలోమీటర్లు). భూమి గుండ్రనాన్ని పట్టించుకోని ఈ బడిలెక్క ఇంత చిన్న దూరానికి ధారాళంగా సరిపోతుంది కానీ, హైదరాబాద్ నుంచి డాలస్‌కు మాత్రం పనికిరాదు.

సమయం దగ్గరే చాలామంది పొరబడతారు. రెక్కల మీద ప్రొపెల్లర్లుండే ఏటీఆర్ 72 విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్తుందనుకుంటే 42 నిమిషాలు చాలాలి. అయితే టికెట్‌పై ఉండే సమయం విమానం నిలిపిన చోటు నుంచి కదిలిన క్షణం మొదలు, అవతల ఆగిన క్షణం వరకు లెక్క. విమానం రన్‌వే దాకా నేల మీద మెల్లగా వెళ్లడం, గాలిలో పైకెక్కడం, దిగేటప్పుడు వేగం తగ్గించుకోవడం అన్నీ అందులోనే ఉంటాయి. పైగా ఈ రెండు చోట్లా రన్‌వేలు దాదాపు తూర్పు పడమరలుగా ఉంటే, ప్రయాణం మాత్రం దక్షిణ నైరుతి దిశగా సాగుతుంది. కాబట్టి లేచాక ఒక మలుపు, దిగే ముందు మరో మలుపు తప్పవు. వీటన్నిటికీ కలిపి 20 నుంచి 25 నిమిషాలు చేర్చుకుంటే గంటా అయిదు నిమిషాలకు అటూ ఇటూ వస్తుంది.

ఎదురుగాలిని గురించి అంతగా బెంగపడనక్కరలేదు: గంటకు 40 కిలోమీటర్ల ఎదురుగాలి వీచినా పెరిగేది నాలుగు నిమిషాలే. జెట్ విమానం ఎక్కినా మహా అయితే పది, పదిహేను నిమిషాలు కలిసొస్తాయి, ఎందుకంటే ఇంత తక్కువ దూరంలో అది పూర్తి వేగం అందుకుని కాసేపు సాగేసరికే దిగే వేళవుతుంది.

ఇంటి నుంచి బస దాకా పట్టే సమయం కావాలంటే నేల మీది ప్రయాణాన్నీ కలపాలి. విజయవాడ ఊళ్లోంచి గన్నవరానికి సుమారు 20 కిలోమీటర్లు, దానికి 40 నిమిషాలు వేసుకోండి. చెక్-ఇన్ కౌంటర్లు సాధారణంగా గంట ముందే మూసేస్తారు కనుక గంటన్నర ముందు చేరడం క్షేమం. అవతల సామాను అందుకోవడానికి 20 నిమిషాలు, రేణిగుంట నుంచి తిరుపతి ఊళ్లోకి మరో అరగంట. మొత్తం నాలుగు గంటలు దాటుతుంది. అందులో విమానంలో గడిచేది గంటకు కాస్త ఎక్కువ.