ప్లాన్‌లో లేని అయిదో అంతస్తు: మా డబ్బు ఎలా వెనక్కి వచ్చిందంటే

హైదరాబాద్ శివార్లలో అయిదో అంతస్తు ఫ్లాట్‌కి అగ్రిమెంట్ రాసుకున్నాం. అనుమతి నాలుగు అంతస్తులకేనని బ్యాంకు లాయరు చూసి లోన్ ఆపేశాడు. బిల్డర్ చుట్టూ తిరిగాం, పెద్దమనుషుల్ని పెట్టాం, పోలీసులు "సివిల్ మేటర్" అన్నారు. ఏదీ పనిచేయలేదు.

పని చేసింది కాగితమే. ముందు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) సైట్‌లో ఆ ప్రాజెక్టు పేజీ తెరిచి బిల్డర్ పెట్టిన ప్లాన్ దించుకున్నాను. దాన్ని ఎవరూ కాదనకుండా, పది రూపాయల ఫీజుతో ఆర్‌టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టి మంజూరైన ప్లాన్ సర్టిఫైడ్ కాపీ తెప్పించాను. నెల పట్టింది. "అయిదంతస్తులకూ అనుమతి ఉంది" అని అచ్చేసిన బ్రోచర్ అదృష్టవశాత్తూ మా ఆవిడ పారేయలేదు! ఆ రెండూ జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, జవాబు రాకపోయాక తెలంగాణ రెరాలో ఫారం 'ఎం'లో ఫిర్యాదు వేశాను. అందులో రెరా చట్టం సెక్షన్ 12 అని స్పష్టంగా రాయాలి: తప్పుడు ప్రకటన నమ్మి డబ్బు కట్టినవాళ్లు తప్పుకుంటే వడ్డీతో సహా తిరిగివ్వాలనేది అదే. ఆర్డరు మాకే వచ్చింది, వసూలుకు మాత్రం ఇంకొన్ని నెలలు తిరిగాం.

మాది అగ్రిమెంట్ దశే. రిజిస్ట్రేషన్ అయి కాపురం ఉంటున్నవాళ్లకి ఇదే దారి పనిచేస్తుందని చెప్పలేను, లాయర్ని అడగండి.