ప్రసిద్ధ ఫొటో వెనుక అసలు కథను రాబట్టడం ఎలా?

కరవునో వలసనో చూపే పాత ఫొటో మన చేతికి వచ్చేసరికి దాని చుట్టూ ఒక కథ అల్లుకుపోయి ఉంటుంది. అందులో ఫొటోలో కనిపించేది ఎంత, ఎవరో చెప్పగా చేరినది ఎంత అని వేరు చేయడమే అసలు పని. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో వద్ద, బఠాణీ కాయలు కోసే కూలీల శిబిరంలో అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరోథియా లాంగ్ తీసిన ‘మైగ్రెంట్ మదర్’ (వలస తల్లి) ఫొటో ఇందుకు మంచి పాఠం.

ముందుగా మూలప్రతిని వెతకండి. లాంగ్ అప్పట్లో ప్రభుత్వ సంస్థకు పనిచేస్తున్నందున, ఆమె నెగటివ్‌లు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, వాటిని ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడవచ్చు. ఒక్క ఫొటోతో ఆగకుండా, అదే చోట తీసిన మిగతావీ చూడండి. అందరికీ తెలిసిన చిత్రంలో కుడివైపు కింది మూలను పెద్దదిగా చేసి చూస్తే, గుడారపు గుంజను పట్టుకున్న బొటనవేలిని తర్వాత చెరిపేసిన జాడ మసకగా కనిపిస్తుంది.

తర్వాత, ప్రతి మాటా ఎవరు, ఎప్పుడు చెప్పారో పక్కన రాసుకోండి. తొలి వివరణలో ఏడుగురు పిల్లల తల్లి, వయసు 32 అని మాత్రమే ఉంది, పేరు లేదు. తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నారన్న మాటను లాంగ్ 1960లో, అంటే 24 ఏళ్ల తర్వాత, రాశారు. ఫొటోలోని ఫ్లోరెన్స్ థాంప్సన్ ఎవరో 1978లో గాని లోకానికి తెలియలేదు. తన పేరు కూడా అడగలేదని, ఫొటో అమ్మబోమని చెప్పారని ఆమె నిష్ఠూరమాడారు. కారు చెడిపోయి అక్కడ ఆగామని, టైర్లు అమ్మనే లేదని కుటుంబం చెప్పింది. లాంగ్ అబద్ధమాడలేదు, వేరొకరి కథతో కలిపేసుకుని ఉంటారని థాంప్సన్ కుమారుల్లో ఒకరు అన్నారు. ఇలాంటి తగవుల్లో అంత నిదానంగా తీర్పు చెప్పేవారు అరుదు.

ప్రచారంలో ఉన్న నమ్మకాలను తేదీలతో సరిచూడండి. థాంప్సన్‌ను 1930ల దుమ్ము తుపానుల వల్ల ఊరు వదిలి కాలిఫోర్నియాకు వచ్చిన బాధితురాలిగా చాలామంది రాస్తారు గానీ, చెరోకీ అనే అమెరికా ఆదివాసీ తెగ మూలాలున్న ఈ ఓక్లహోమా మహిళ 1920లలోనే కాలిఫోర్నియా చేరారు. పత్రికలో ఫొటోలు వచ్చాక శిబిరానికి 20,000 పౌండ్ల ఆహారం చేరిన మాట నిజమే, అయితే అప్పటికే ఆమె కుటుంబం వేరే చోటికి వెళ్లిపోయింది.

డబ్బు సంగతీ అడగండి. ఫొటో ప్రభుత్వానిది గనుక లాంగ్‌కు రాయల్టీ రాలేదు, థాంప్సన్‌కూ ఏమీ ముట్టలేదు. 1983లో ఆమె జబ్బుపడినప్పుడు మాత్రం ప్రజలు 35,000 డాలర్లకు పైగా పంపారు.

ఆ ఫొటోను మీరు ఎక్కడైనా పెట్టేటప్పుడు ఆమె పేరు, చోటు, సంవత్సరం తప్పక రాయండి. టైర్ల ముచ్చట చెప్పదలిస్తే ‘1960లో లాంగ్ రాసిన ప్రకారం’ అని చేర్చి, వెంటనే కుటుంబం కాదన్న సంగతిని కూడా అదే వాక్యంలో పెట్టండి.