వికలాంగుల హక్కుల కోసం స్థానిక బృందాన్ని ఎలా నడపాలి?

వికలాంగులకు ఏదో ఒకటి చేయాలన్న తపన చాలామందిలో ఉంటుంది గానీ, అది తరచుగా ఒక్క పూట పంపిణీ కార్యక్రమంతోనూ నాలుగు ఫొటోలతోనూ ముగిసిపోతుంది. కార్యాలయం మెట్ల దగ్గర ఆగిపోయిన మనిషికి మర్నాడు కూడా అవే మెట్లు ఎదురవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం దాదాపు 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు, చెప్పుకోదగ్గ వైకల్యంతో జీవిస్తున్నారు. కాబట్టి ఏ ప్రాంతంలోనైనా ఒక బృందానికి సరిపడా మనుషులు ఉండే ఉంటారు. వారిని కూడగట్టి, ఒకరికొకరు తోడుగా నిలుస్తూ, అడగవలసిన చోట గట్టిగా అడిగేలా బృందాన్ని నడిపే పద్ధతి ఇది.

1. పగ్గాలు ఎవరి చేతిలో ఉండాలో ముందే తేల్చుకోండి

సభ్యుల్లో సగానికి మించి వికలాంగులే ఉండాలి, ముఖ్యమైన బాధ్యతలు కూడా వారే చేపట్టాలి. తల్లిదండ్రులు, స్నేహితులు, కార్యకర్తలు తప్పకుండా ఉండవచ్చు, కాకపోతే చివరి మాట వారిది కాకూడదు. ‘మేము లేకుండా మా గురించి ఏ నిర్ణయమూ వద్దు’ అని వికలాంగుల ఉద్యమం ఏనాటి నుంచో అంటున్నది ఇదే. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక కూడా తన 4వ అధికరణంలో, వికలాంగులకు సంబంధించిన నిర్ణయాలు తీసుకునేటప్పుడు వారి సంఘాలను సంప్రదించాలని ప్రభుత్వాలకు చెబుతోంది.

ఒకే రకం వైకల్యం ఉన్నవారితో బృందం నిండిపోకుండా చూసుకోండి. అందరూ వీల్‌చైర్ వాడేవారే అయితే వినతిపత్రాలన్నీ ర్యాంపుల చుట్టూనే తిరుగుతాయి. చూపు లేనివారు, వినికిడి లేనివారు, మేధో వైకల్యం ఉన్నవారు, మానసిక అనారోగ్యంతో బతుకుతున్నవారు ఎదుర్కొనే చిక్కులు చర్చకే రావు.

2. సమావేశానికి అందరూ రాగలిగేలా చూడండి

చోటు కింది అంతస్తులో ఉండాలి, మరుగుదొడ్డిలోకి వీల్‌చైర్ వెళ్లగలగాలి. చర్చించే అంశాలను రెండు మూడు రోజుల ముందే పంపండి. కాగితాన్ని ఫొటో తీసి పంపితే స్క్రీన్ రీడర్ (చూపు లేనివారికి తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) దాన్ని చదవలేకపోవచ్చు కాబట్టి టైపు చేసిన అక్షరాలుగానే పంపాలి. మాట్లాడే ప్రతి ఒక్కరూ ముందు తమ పేరు చెప్పాలి, ఒకరు ముగించాకే మరొకరు అందుకోవాలి.

వినికిడి లేని సభ్యుల కోసం సైగల భాష తెలిసిన దుబాసీని పిలవండి. ఆ పనిని ఇంట్లోవారికి అప్పగిస్తే ఏం జరుగుతుందో చూసినవారికి తెలుసు: వినికిడి లేని ఒక సభ్యురాలు రెండు నిమిషాల పాటు చేతులతో చెప్పినదాన్ని పక్కనున్న అన్నయ్య ‘తనకూ ఇష్టమేనట’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఆమె పెట్టిన షరతులు, అడిగిన ప్రశ్నలు అక్కడే ఆగిపోతాయి.

3. పరస్పర సహాయానికి హద్దులు పెట్టుకోండి

వైకల్య ధ్రువపత్రం కోసం దరఖాస్తు నింపడం, ఆసుపత్రికి తోడు వెళ్లడం, కొత్తగా వైకల్యం వచ్చినవారితో అదే దశ దాటివచ్చినవారు మాట్లాడటం వంటివి బృందం మొదటి నెల నుంచే చేయగలదు. అయితే తోడు వెళ్లినవారు ఆ మనిషి తరఫున జవాబులు చెప్పకూడదు. అధికారి ‘ఈయనకేం కావాలి?’ అని మిమ్మల్ని అడిగితే, ‘ఆయన్నే అడగండి’ అని మర్యాదగా చెప్పి పక్కకు జరగండి. చట్టం ముందు వికలాంగులకు అందరితో సమానమైన గుర్తింపు ఉందని, నిర్ణయం తీసుకోవడానికి వారికి అవసరమైన తోడ్పాటు అందాలని ఒడంబడికలోని 12వ అధికరణం చెబుతోంది. బృందంలో విన్న సొంత విషయాలు బయటికి పొక్కకూడదు, అనుమతి లేకుండా ఎవరి ఫొటో తీయకూడదు.

4. ఒక్క అడ్డంకిని ఎంచుకుని, కొలతలు తీసుకోండి

సభ్యులందరి ఇబ్బందులూ రాసుకున్నాక జాబితా చాంతాడంత అవుతుంది, దాన్నంతా ఒకేసారి అధికారుల ముందు పెడితే ఏదీ కదలదు. ఎక్కువమందికి అడ్డుపడేది, ఒక్క అధికారి పరిధిలో పరిష్కారమయ్యేది ఒకటి ఎంచుకుని, టేపు పట్టుకుని అక్కడికే వెళ్లండి.

ర్యాంపునే తీసుకుందాం. అంగుళం ఎత్తుకు కనీసం అడుగు పొడవు ఉండాలన్నది విస్తృతంగా పాటించే లెక్క. అంటే గుమ్మం నేల నుంచి 18 అంగుళాల ఎత్తులో ఉంటే వాలు 18 అడుగులు సాగాలి. చాలా చోట్ల మెట్ల మీద ఏడెనిమిది అడుగుల సిమెంటు పలక పోసి ర్యాంపు అంటారు, దాని మీద వీల్‌చైర్ ఎక్కించాలంటే ఇద్దరు తోయాలి, దిగేటప్పుడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలి. తలుపు తెరిచినప్పుడు కనీసం 32 అంగుళాల ఖాళీ ఉందా, లోపల వీల్‌చైర్ తిరగడానికి ఐదడుగుల వెడల్పు చోటు ఉందా అన్నవి కూడా చూడండి. కొలతలతో పాటు, అక్కడ ఆగిపోయిన సభ్యులు తమకు ఏం జరిగిందో తమ మాటల్లో చెప్పింది రాసుకుంటే వినతిపత్రానికి బలం వస్తుంది.

5. లిఖితపూర్వకంగా అడగండి

వినతిపత్రం ఒక్క పేజీ దాటనవసరం లేదు. అడ్డంకి ఏమిటి, దానివల్ల ఎవరు ఏ సేవకు దూరమవుతున్నారు, ఏ నిబంధన ప్రకారం దాన్ని తొలగించాలి, ఎప్పటిలోగా జవాబు కావాలి అన్న నాలుగూ ఉంటే చాలు. మీ దేశపు వికలాంగుల చట్టాన్ని ముందు ప్రస్తావించి, దానికి తోడుగా ఒడంబడికలో అందుబాటు గురించి చెప్పే 9వ అధికరణాన్ని పేర్కొనండి. జాలి పుట్టించే భాష వద్దు, ఎందుకంటే దయతలచి ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం సులువు. ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్న నకలు దాచుకోండి.

6. జవాబు రాకపోతే ఒత్తిడి పెంచండి

గడువు దాటాక గుర్తుచేస్తూ మరో ఉత్తరం, ఆపై పైఅధికారికి ఫిర్యాదు, తరువాత పత్రికలు, హక్కుల కమిషన్, కోర్టు, శాంతియుత నిరసన. చట్టం ఉన్నా అమలుకు పోరాడవలసి రావడం కొత్తేమీ కాదు. అమెరికాలో 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల్లో వివక్షను నిషేధించినా, దాని అమలుకు అవసరమైన నిబంధనలపై నాలుగేళ్లపాటు సంతకమే పడలేదు. 1977 ఏప్రిల్ 5న శాన్ ఫ్రాన్సిస్కోలోని ప్రభుత్వ భవనంలోకి వెళ్లిన వికలాంగులు మూడు వారాలకు పైగా అక్కడే బైఠాయించారు. టెలిఫోన్లు పనిచేయకుండా చేసినప్పుడు బధిర సభ్యులు కిటికీల్లోంచి సైగల భాషలో బయటివారికి కబురు అందించారు, వికలాంగులు కాని ఇతర ఉద్యమ సంఘాలు రోజూ భోజనాలు తెచ్చాయి. ఏప్రిల్ 28న సంతకం పడింది. మీ బృందం కూడా ఇతర సంఘాలతో ముందునుంచే స్నేహంగా ఉండటం మంచిది, అవసరం పడ్డాక పరిచయం చేసుకుంటే ఆలస్యమవుతుంది.

7. పని పూర్తయిందన్నాక వెళ్లి వాడి చూడండి

ర్యాంపు కట్టామని ఉత్తరం రాగానే సంబరపడకుండా, వీల్‌చైర్ వాడే సభ్యులు ఒకరు దాని మీద ఎక్కి, దిగి చూడాలి. ర్యాంపు చివర తాళం వేసిన గేటు, ర్యాంపు మీదే నిలిపిన మోటారు సైకిళ్లు, తడిస్తే జారిపోయే నున్నటి రాళ్లు కనబడటం మామూలే. వాటిని అక్కడికక్కడే రాసుకుని, సంబంధిత అధికారికి కృతజ్ఞతల ఉత్తరంతో పాటే పంపండి. ఆరు నెలల తరువాత అదే చోటికి మరోసారి వెళ్లి చూడటానికి తేదీ నిర్ణయించుకున్నాకే జాబితాలో తరువాతి అడ్డంకి వైపు కదలండి.