ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్ పనిలో ఉంటూ, యుద్ధ రోజుల్లో సంఘాన్ని విడవకుండా ఉండడం ఎలా?

కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి నుంచి ఇక్కడికి కొత్తగా వచ్చిన అక్కచెల్లెళ్లు నన్ను ఎక్కువగా అడిగేవి రెండే ప్రశ్నలు. సైరన్ మోగితే పెద్దావిడను పట్టుకుని ఎక్కడికి పోవాలి? చర్చికి వెళ్లొచ్చా, మానేయాలా? ఇంట్లో ఏర్పాటు సరిగ్గా ఉంటేనే మనసు ప్రార్థన మీద నిలుస్తుంది కాబట్టి, ముందు ఇంటి సంగతి చెబుతాను.

ఫోన్‌లో హోమ్ ఫ్రంట్ కమాండ్ (జనాన్ని కాపాడే పని చూసే ఇక్కడి సైన్య విభాగం) యాప్ పెట్టుకోండి. అందులో ఇంగ్లిష్ ఉంది. లొకేషన్ ఆన్‌లో ఉంచండి. సైరన్ మోగాక మీకు ఎంత టైమ్ ఉంటుందో తెలుసుకోండి. టెల్ అవీవ్, రామత్ గన్ వైపు 90 సెకన్లు. ఆష్కెలోన్‌లో 30. గాజా పక్కనున్న స్దెరోత్‌లో 15 మాత్రమే. 2025 జూన్‌లో ఇరాన్ మిసైళ్లు వచ్చినప్పుడు మాత్రం సైరన్‌కు కొన్ని నిమిషాల ముందే ఫోన్‌కు హెచ్చరిక వచ్చేది. ఏదైనా అనుమానం ఉంటే హోమ్ ఫ్రంట్ కమాండ్ నంబరు 104కి ఫోన్ చేయండి. అంబులెన్స్‌కు 101.

1991 గల్ఫ్ యుద్ధం తర్వాత వచ్చిన రూల్ ప్రకారం కట్టిన ఇళ్లలో మమాద్ అనే గట్టి గది ఉంటుంది. అది ఉంటే పెద్దావిడ మంచం అందులోనే వేయించమని వాళ్ల పిల్లల్ని అడగండి, మొహమాటపడొద్దు. నేను పనిచేసే ఇల్లు పాతది, మమాద్ లేదు. షెల్టర్ కింద ఉంది. వీల్‌చైర్ మనిషిని 90 సెకన్లలో అక్కడికి దించలేం, లిఫ్ట్ ఎక్కకూడదు. అందుకని మెట్ల దగ్గరికి తీసుకెళ్తాను. పైన కనీసం రెండు అంతస్తులు ఉన్న చోటే కూర్చోవాలి. ముందస్తు హెచ్చరిక వస్తే పక్కింటి అబ్బాయిలు కుర్చీతో సహా షెల్టర్‌కు దించుతారు. ఈ సాయం ప్రశాంతంగా ఉన్న రోజునే అడిగి పెట్టుకోవాలి.

మా సవ్తాకు, అంటే అమ్మమ్మకు, చెవి మిషన్ తీస్తే ఏమీ వినపడదు. రాత్రి సైరన్ మోగితే ముందు లైటు వేస్తాను, భుజం మీద చెయ్యి వేసి నా ముఖం కనపడేలా వంగుతాను, ఆ తర్వాతే లేపుతాను. చిన్నప్పుడు రుమేనియాలో యుద్ధం చూసిన మనిషి. ఒక్కసారిగా లాగితే వణికిపోతుంది. ఆవిడ చెప్పులు, నా చెప్పులు మంచం పక్కనే ఉంటాయి, ఎందుకంటే అద్దాలు పగిలితే ఉత్త కాళ్లతో నడవలేం. తలుపు దగ్గర సంచిలో ఆవిడ మందులు, డైపర్లు, చెవి మిషన్ బ్యాటరీలు, నీళ్లు, పవర్ బ్యాంక్, నా పాస్‌పోర్ట్, వీసా కాపీ, చిన్న కొత్త నిబంధన. పాస్‌పోర్ట్ మీ దగ్గరే ఉండాలి. దాన్ని ఎవరూ దాచిపెట్టుకోవడానికి వీల్లేదు, అది ఇక్కడి చట్టం.

ఇక సంఘం. ఇక్కడ ఆదివారం పనిదినం కాబట్టి మన తెలుగు కూడికలు చాలావరకు శనివారం జరుగుతాయి. యుద్ధం ముదిరితే ఎంతమంది కూడొచ్చో హోమ్ ఫ్రంట్ కమాండ్ ప్రాంతాన్ని బట్టి చెబుతుంది. 2025 జూన్‌లో కూడికలే ఆపేశారు. ఆ మాట వినాలి. షెల్టర్‌కు పోవడం, కూడిక ఆపుకోవడం విశ్వాసం తక్కువై చేసే పనులని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మనం చూసుకునే ముసలివాళ్ల ప్రాణం కూడా మన చేతిలో ఉంది.

కూడిక జరిగే రోజుల్లో దగ్గరలో ఉన్నదానికే వెళ్లండి. హాలులోకి అడుగుపెట్టగానే షెల్టర్ ఎటుందో అడగండి. శనివారం చాలా బస్సులు నడవవు. షేరుత్ వ్యాన్ (షేర్ ట్యాక్సీ) దొరుకుతుందో లేదో, చీకటి పడకముందే తిరిగి రాగలరో లేదో చూసుకోండి. సవ్తా దగ్గర కూతురు వచ్చి కూర్చున్నాకే నేను గడప దాటుతాను.

కూడలేని రోజులకు మాకు బాగా పనిచేసింది చిన్న చిన్న వాట్సాప్ గ్రూపులు. ఒకే ఏరియాలో ఉన్న ఐదారుగురు అక్కలు ఒక గ్రూపు. సైరన్ అయ్యాక అందరూ "సేఫ్" అని ఒక్క మాట పెట్టాలి. ఎవరిది రాకపోతే వాళ్లకు వరసగా ఫోన్ చేస్తాం. ఫోన్ ఎత్తకపోతే పాస్టర్ గారికి చెబుతాం. పెద్ద గ్రూపులో వందల మెసేజ్‌ల మధ్య ఒక మనిషి కనపడకుండా పోయినా తెలియదు. నా దృష్టిలో ఈ రోజుల్లో సంఘం చేయగల అతి ముఖ్యమైన సేవ ఇదే. అదే గ్రూపులో తెల్లవారుజామున 5కి జూమ్ ప్రార్థన పెట్టుకున్నాం. వేసవిలో మన ఊళ్లో అప్పుడు 7:30 అవుతుంది, పిల్లలు బడికి వెళ్లే ముందు అమ్మ గొంతు వింటారు. 91వ కీర్తన చదివి, ఒక్కొక్కరి పేరు పెట్టి ప్రార్థన చేసి, ఇరవై నిమిషాల్లో ముగించండి. సవ్తాలు లేచే టైమ్ అది.

ఊళ్లో ఉన్న మన ఇంటివాళ్లకు టెన్షన్ పెట్టేది ఎక్కువగా టీవీ. బ్రేకింగ్ న్యూస్ చూడకముందే మీ మెసేజ్ అందాలి. "యుగాంతం వచ్చేసింది" అంటూ తిరిగే ఫార్వర్డ్‌లు పంపకండి. మిసైల్ పడిన చోటు ఫోటోలు, లొకేషన్లు అస్సలు పెట్టకండి, ఇక్కడ సైనిక సెన్సార్ ఉంది, కేసు అవుతుంది.

టెల్ అవీవ్‌లోని భారత ఎంబసీలో పేరు నమోదు చేయించుకోండి. మనవాళ్లను ఇండియాకు చేర్చడానికి 2023 అక్టోబర్‌లో భారత ప్రభుత్వం ఆపరేషన్ అజయ్ పేరుతో విమానాలు నడిపింది, 2025 జూన్‌లో ఆపరేషన్ సింధులో జోర్డాన్, ఈజిప్టు మీదుగా తీసుకెళ్లింది. వెళ్లాలా, ఉండాలా అన్నది అప్పులు, పిల్లలు, మీ ధైర్యం చూసుకుని మీరే తేల్చుకోవాలి. వెళ్లేట్టయితే తిరిగి రావడానికి వీసా ఉంటుందో లేదో ముందే కాగితం మీద తీసుకోండి, ఏజెంట్ నోటిమాట మీద విమానం ఎక్కొద్దు. గ్రూపులో కూడా చెప్పి వెళ్లండి. లేకపోతే తర్వాతి సైరన్‌కు మీ "సేఫ్" రాలేదని అక్కలందరూ మీ నంబరుకే ఫోన్ చేస్తూ ఉంటారు.