ట్రక్కు టైరు ఊరికే పేలుతోందా? బటన్లు కాదు, తేదీ చూడండి

దాళ్వా (రెండో పంట వరి) కోతలు మొదలయ్యాయంటే మా టైర్ల షాపు ముందు ట్రాక్టర్లు వరసకడతాయి. ట్రాక్టరుకేమీ ఉండదు, వెనక తగిలించే ట్రక్కు (ట్రైలరు) టైరే పోయి ఉంటుంది. టైరు మీద నేలను పట్టే రబ్బరు గుబ్బల్ని మేం బటన్లంటాం. అందరిదీ ఒకే మాట: "ఆయ్, బటన్లు నిండుగానే ఉన్నాయండీ, ఎందుకు పేలిందో!" గాలి ఎప్పుడు చూశారని అడిగితే మాత్రం పక్కచూపులు. ఒకాయన కాలితో తన్ని చూశానంటాడు, ఇంకొకాయన రాడ్డుతో కొట్టి చూశానంటాడు. 16 ప్లై అని రాసున్న మందపు టైరులో గాలి సగమే ఉన్నా తన్నినవాడి కాలే నొప్పెడుతుంది. గాలి కొలిచే గేజీ పెట్టి చూడండి. పొద్దున్నే, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడండి. మధ్యాహ్నం ఎండలో లోడుతో వచ్చాక గాలి ఎక్కువ చూపిస్తుంది, అది వేడికి పెరిగింది. అప్పుడు కాస్త తీసేస్తే చల్లారాక టైరు నీరసపడుతుంది. మర్నాడు దాని మీదే బస్తాలు వేస్తారు.

ఇక టైరులో కనిపించే ఒక్కో లక్షణానికీ కారణం చెబుతాను.

రెండు అంచులూ అరిగి, మధ్యలో బటన్లు మిగిలాయి

గాలి తక్కువతో తిప్పారు. మధ్యలోనే అరిగితే ఎక్కువ కొట్టారు. ఒక పక్కే అరిగితే యాక్సిల్ వంగి ఉండొచ్చు, టైరు మార్చే ముందు దాన్ని చూపించి సరిచేయించండి.

ఒకే టైరు నాలుగు రోజులకోసారి దిగిపోతోంది, పంక్చరేమో దొరకదు

టైరు విప్పి రిమ్ము లోపల చెయ్యి పెట్టి తడమండి. భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల లోడ్లు తోలే ట్రక్కుల్లో ఇది మామూలే. ఉప్పునీరు కారి రిమ్ము తుప్పు పడుతుంది, ఆ పెచ్చులు ఫ్లాపునీ (రిమ్ముకీ ట్యూబుకీ మధ్య వేసే రబ్బరు పట్టీ) ట్యూబునీ కొరికేస్తాయి. ట్యూబు మారిస్తే మళ్లీ అదే కథ. రిమ్ము గీకి, రంగేసి, ఫ్లాపు కూడా కొత్తది వేయండి. లాకు రింగు (టైరును రిమ్ము మీద పట్టి ఉంచే ఇనప చుట్టు) ఉన్న రిమ్ముకు గాలి కొట్టేటప్పుడు ఎదురుగా నిలబడకండి. రింగు ఎగిరితే మనిషి మిగలడు.

లోడు మీద పేలుతోంది, లేదా బటన్ పొర పట్టీలా లేచిపోతోంది

అసలు సంగతి ఇది. ముందు బరువు లెక్క వేసుకోండి. 75 కిలోల బస్తాలు 80 వేస్తే 6,000 కిలోలు. ఖాళీ ట్రక్కు 1,800 అనుకుందాం, మొత్తం 7,800. నాలుగు టైర్లకు పంచితే ఒక్కోదాని మీద 1,950. టైరు పక్కన లోడ్ ఇండెక్స్ 130 అని ఉంటే అది మోసేది 1,900 కిలోలే. చదును రోడ్డు మీదే 50 కిలోలు తేడా వచ్చింది, కాలవ గట్టు మీద ఒక పక్కకి ఒరిగితే ఆ పక్క టైర్ల గతి చెప్పక్కర్లేదు. 140 ఉంటే 2,500 మోస్తుంది. ఇండెక్స్ లేకపోతే మ్యాక్స్ లోడ్ అని కిలోల్లో రాసి ఉంటుంది, ఎంత గాలి దగ్గర ఆ బరువో కూడా పక్కనే ఉంటుంది. రిమ్ము 16 అంగుళాలే కదా అని ట్రాక్టరు ముందు చక్రాల టైరు తెచ్చి ట్రక్కుకు బిగించేవాళ్లూ ఉన్నారు. ఎక్కడం ఎక్కుతుంది, మోయడం దాని వల్ల కాదు. ఒకే యాక్సిల్‌కి ఒక పక్క రేడియల్ టైరు, ఇంకో పక్క నైలాన్ టైరు కూడా వద్దు, రెండింటి లోపలి పొరల అల్లిక వేరు.

బరువూ సరిపోయింది, గాలీ సరిపోయింది, బటన్లూ ఉన్నాయి, అయినా పేలింది. అప్పుడు చూడాల్సింది తేదీ.

నేనూ దీనికి బలైనవాణ్నే. కొన్నేళ్ల కింద మా సొంత ట్రక్కుకే ఒక పాత సామాన్ల షాపులో జత టైర్లు కొన్నాను. బటన్లు వేలి కణుపంత లోతున్నాయి, నల్లగా నిగనిగలాడుతున్నాయి, ధర సగం. ఏప్రిల్ ఎండలో ధాన్యం లోడుతో మిల్లుకి వెళ్తుంటే కాలవ గట్టు మీద ఒకటి పేలింది. నాలుగు బస్తాలు కాలవలో పడ్డాయి. రాయి గుచ్చుకుందనుకున్నాను. పదిహేను రోజులకు రెండోదీ పోయింది, బటన్ పొర మొత్తం పాము కుబుసంలా ఊడి రోడ్డు మీద పడింది. అప్పుడు విప్పి, తిరగేసి చూస్తే లోపలి పక్కన నాలుగంకెలు: 2209. అంటే 2009లో 22వ వారంలో తయారైంది. బయటి పక్క ఆ అంకెలు లేవు. చాలా టైర్లకు అది ఒక పక్కే ఉంటుంది, అది లోపలికి తిరిగి ఉంటే బిగించాక ఎవరికీ కనపడదు. నాకు అమ్మినాయన నిగనిగకి పాలిష్ కొట్టాడు, నేను కణుపు పెట్టి లోతు కొలుచుకున్నాను.

రోజూ తిరిగే లారీ టైరు త్వరగా అరిగిపోతుంది కాబట్టి దానికి వయసు సమస్య పెద్దగా రాదు. మన ట్రక్కు సార్వాలో (మొదటి పంటకి) నెల, దాళ్వాలో నెల తిరిగి మిగతా రోజులు చెట్టు కిందో, కల్లంలోనో పడి ఉంటుంది. రబ్బరులో పగుళ్లు రాకుండా కాపాడే మైనం కలుపుతారు, టైరు తిరుగుతూ నలుగుతుంటేనే అది పైకి వస్తుంది. కదలకుండా ఎండలో నిలబడితే పైన పగుళ్లు పడతాయి. లోపల ప్లైలు అనే గుడ్డ పొరలకీ బటన్ పొరకీ మధ్య పట్టు కూడా ఎండిపోతుంది, అది కంటికి కనపడదు. లోడు వేసి వేడెక్కించినప్పుడే బయటపడుతుంది.

అందుకే కొనేటప్పుడు టైరుకు రెండు పక్కలా తిప్పి, కోడిగుడ్డులాంటి గీత లోపలున్న నాలుగంకెలు చదవండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. కొత్త టైరైనా షాపులో మూడేళ్లు పడి ఉన్నదైతే నేను వద్దంటాను. సెకండ్ హ్యాండ్‌వి ఆరేళ్లు దాటితే ఉచితంగా ఇచ్చినా తీసుకోను. తర్వాత గాడి అడుగున గోరు పెట్టి గీయండి, రిమ్ము అంచు దగ్గర సన్నటి పగుళ్లున్నాయేమో చూడండి, అరచేత్తో చుట్టూ నిమరండి. ఎక్కడైనా ఉబ్బు తగిలితే లోపల పొర విడిపోయినట్టే. ఇప్పటికే బండికి ఉన్నదైతే నెమ్మదిగా తోలి చూడండి. తారురోడ్డు మీద ఒక లయలో దడదడమంటుంటే అదీ ఇదే.

రీబటన్ టైర్లకు పైన బటన్ కొత్తది, కింద టైరు పాతదే. తేదీ టైరు పక్కనే ఉంటుంది, అదే చదవండి. ఆరేళ్లు దాటిన టైరుకి బటన్ వేయించడం డబ్బు కాలవలో వేయడమే.

సీజన్ కాని రోజుల్లో ట్రక్కు కింద దుంగలో, ఇటుకలో పెట్టి యాక్సిల్ లేపి ఉంచండి, టైర్ల మీద గోనెపట్టా కప్పండి. ఖర్చు లేని పని.

ఒక టైరు పక్కదానికన్నా ఎక్కువ వేడెక్కుతోంది

హబ్ (చక్రం మధ్య భాగం) మీద చెయ్యి వేయండి. అదీ కాలుతుంటే బేరింగు. గ్రీజు పెట్టించండి, అవసరమైతే మార్చండి. హబ్ చల్లగా ఉంటే గాలి తక్కువ.

కంపెనీ తప్పు, తయారీలో లోపం అంటుంటారు. ఇన్నేళ్లలో అలాంటివి రెండో మూడో చూశాను, దాని గురించి ఆలోచించి టెన్షన్ పడకండి.

ఇక స్టెప్నీ. అది ఎప్పుడూ తిరగదు కాబట్టి అందరూ కొత్తదే అనుకుంటారు. మొన్న పాలకొల్లు నుంచి ఒక బాబాయి నాలుగు కొత్త టైర్లు వేయించుకుని, ట్రక్కు కింద వేలాడుతున్న స్టెప్నీని చూపించి "అది బాగుందిలే, ముట్టుకోకు" అన్నాడు. తుడిచి చూస్తే 0911. ఆయన మనవడు నాకన్నా ముందే చదివాడు: "తాతా, ఇది నాకన్నా పెద్దది."