సైగాన్‌కి మళ్ళీ వెళ్తున్నారా? పాత లెక్కలు సరిచూసుకోండి

కొత్తగా వెళ్ళినవాడు ప్రతిదీ అడుగుతాడు. ఐదారేళ్ళ కిందట వెళ్ళొచ్చినవాడు అడగడు, అన్నీ తెలుసనుకుంటాడు. వియత్నాంలోని హో చి మిన్ సిటీలో, అంటే అక్కడివాళ్ళ నోట్లో ఇప్పటికీ సైగాన్‌గానే ఉన్న ఊళ్ళో, ఇబ్బందిపడేది ఎక్కువగా ఈ రెండో రకం మనిషే. కోవిడ్‌కి ముందు చూసి ఇప్పుడు మళ్ళీ బయల్దేరేవాళ్ళ కోసం ఈ జాగ్రత్తలు.

అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది అడ్రసు. 2025 జూలై 1న వియత్నాం అంతటా డిస్ట్రిక్టులు రద్దయ్యాయి. ఇప్పుడు నగరం కింద నేరుగా వార్డులు, పల్లె వైపైతే కమ్యూన్లు. డిస్ట్రిక్ట్ 1, డిస్ట్రిక్ట్ 3 అని జనం ఇంకా అంటూనే ఉంటారు కానీ కాగితాల మీద అవి లేవు. అదే రోజు పక్కనున్న బిన్ జుయోంగ్, బారియా-వుంగ్‌తావ్ రాష్ట్రాలను కూడా ఈ నగరంలో కలిపేశారు. కాబట్టి హోటల్ అడ్రసులో హో చి మిన్ సిటీ అని ఉన్నంత మాత్రాన అది నగరం నడిబొడ్డున బెన్ థాన్ మార్కెట్ పక్కన ఉన్నట్టు కాదు. సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, వుంగ్‌తావ్ బీచ్ ఒడ్డున కూడా ఉండొచ్చు. పైగా లే లోయ్ లాంటి వీధి పేర్లు అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. డబ్బు కట్టే ముందు మ్యాప్‌లో చుక్క ఎక్కడ పడుతోందో చూడండి. వీధి పేరు చూసి సరిపెట్టుకోవద్దు.

వీసా ఇప్పుడు తేలిక. 2023 ఆగస్టు 15 నుంచి ఈ-వీసా 90 రోజుల వరకు ఇస్తున్నారు. ప్రభుత్వ సైట్‌ను పోలిన ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి, అదొకటి చూసుకోండి. మనవాళ్ళకి అసలు చిక్కు ఇంటిపేరుతో. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, కొందరికి మూడు నాలుగు ముక్కల పేరు ఉంటుంది. పాస్‌పోర్టు ఫొటో పేజీలో అడుగున రెండు వరుసలుంటాయి కదా, వాటిలో ఉన్నట్టే నింపండి.

పాత స్నేహితుల నంబర్లు పదకొండు అంకెలతో ఉంటే అవి కలవవు. 2018లోనే అన్నిటినీ పది అంకెలు చేశారు. వియత్తెల్ అనే మొబైల్ కంపెనీ నంబరు 0168తో మొదలైతే ఇప్పుడది 038.

ఇక బండి. మీరు ఎక్కువసేపు ఆలోచించాల్సింది దీని గురించే. స్కూటర్ అద్దెకి తీసుకుని తిరిగేయడం అప్పట్లో మామూలు, ఎవరూ పట్టించుకునేవారు కాదు. మన ఆర్టీఏ ఆఫీసులో ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం కిందది. వియత్నాం ఉన్నది 1968 వియన్నా ఒప్పందంలో. అంటే మన పర్మిట్ అక్కడ చెల్లదు. షాపువాడు అడక్కుండానే తాళం చేతిలో పెడతాడు, కానీ ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు మొదట అడిగేది లైసెన్సే. 2025 జనవరి నుంచి జరిమానాలు కూడా బాగా పెరిగాయి. బైకు మీద సిగ్నల్ జంప్ చేస్తే 40 నుంచి 60 లక్షల డాంగ్‌లు (అక్కడి కరెన్సీ). బీరు ఒక్క గ్లాసు తాగినా బండి ముట్టుకోకూడదు, అక్కడ పరిమితి సున్నా. నా మాట వింటే బండి ఆలోచనే మానేయండి. ఫోన్‌లో బుక్ చేసుకునే గ్రాబ్ ఉంది, సాన్ ఎస్‌ఎం ఎలక్ట్రిక్ టాక్సీలున్నాయి. 2024 డిసెంబరు 22 నుంచి బెన్ థాన్ నుంచి సుయోయ్ తియెన్ దాకా మెట్రో కూడా నడుస్తోంది.

రోడ్డు దాటేటప్పుడు ఆగకుండా, పరుగెత్తకుండా మెల్లగా నడిస్తే బైకులే తప్పుకుపోతాయన్న పాత సూత్రం బైకుల వరకే. కార్లకి, బస్సులకి అది వర్తించదు. ఎలక్ట్రిక్ బండ్లయితే వస్తున్న చప్పుడే వినపడదు. కోఠిలో దాటిన ధైర్యంతో దిగొద్దు.

ఫోన్ లాక్కుపోవడం మాత్రం పాత బెడదే, పోలేదు. గ్రాబ్ బుక్ చేసి, పేవ్‌మెంట్ అంచున నిలబడి, చెయ్యి చాపి స్క్రీన్ మీద నంబర్ ప్లేటు చూసుకుంటుంటారు చూడండి, సరిగ్గా అక్కడే జరుగుతుంది. బైకు మీద ఇద్దరు వస్తారు, వెనకవాడు లాగేస్తాడు. షాపులోనే ఉండి బుక్ చేయండి, నంబరు గుర్తుపెట్టుకుని, ఫోన్ లోపల పెట్టుకున్నాకే బయటికి రండి.

టీ బండి మీద కూడా క్యూఆర్ స్టిక్కరు కనిపిస్తుంది. అది అక్కడి బ్యాంకు ఖాతాలకి, మన ఫోన్‌పేని నమ్ముకుని జేబు ఖాళీగా వెళ్ళకండి. నోట్లలో 20 వేలది, 5 లక్షలది రెండూ నీలమే. చీకట్లో టాక్సీ దిగే హడావుడిలో ఒకటనుకుని ఇంకోటి ఇస్తే పోయేది పాతిక రెట్లు. పెద్ద నోట్లు వేరే అరలో ఉంచండి.

మే నుంచి నవంబరు దాకా వానలు. మధ్యాహ్నం దాటాక గంటసేపు కుండపోత పడితే చాలు, థావ్ దియెన్ పేట వీధులు మునుగుతాయి. వానాకాలం చివర్లో పున్నమి, అమావాస్యల చుట్టూ నది పోటు కూడా తోడవుతుంది, చుక్క వాన లేకపోయినా నీళ్ళొచ్చేస్తాయి. ఆ తిథుల్లో సాయంత్రం ప్రయాణం ఉంటే మెట్రో మేలు, చాలా దూరం పైనుంచే పోతుంది. దోమల క్రీము కొనండి, డెంగీ అక్కడా ఉంది. ఈ-సిగరెట్ ఉంటే ఇంట్లోనే వదిలేయండి, 2025 నుంచి నిషేధం.

దా నాంగ్‌కో హనోయ్‌కో విమానం మారేవాళ్ళు టికెట్ మీద టెర్మినల్ చూసుకోండి. 2025 ఏప్రిల్‌లో నగర విమానాశ్రయం తన్ సన్ న్యత్‌లో దేశీయ విమానాల కోసం మూడో టెర్మినల్ తెరిచారు. పాతవి రెండూ పక్కపక్కనే, నడిచి వెళ్ళొచ్చు. ఇది అలా కాదు, బండి ఎక్కి వెళ్ళాలి. మధ్యలో రెండు గంటలే ఉండే టికెట్ కొనకండి.