సైన్సంటే ఇష్టమనే పిల్లలకు ఇంట్లో ఏం చేయాలి?

"మా అమ్మాయికి సైన్సంటే ప్రాణం టీచర్‌గారూ, ఏ ఫౌండేషన్ కోర్సులో చేర్పించమంటారు?" ఆరో తరగతి పిల్లల తల్లిదండ్రులు కూడా ఇలాగే అడుగుతున్నారు. జిల్లా పరిషత్ పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి నా దగ్గర ఏదో చిట్కా ఉంటుందని వారి ఆశ. ఎక్కడా చేర్పించకండి, సాయంత్రం ఒక గంట ఖాళీగా వదిలేయండి అంటాను. ఈ జవాబు చాలామందికి రుచించదు.

ఆ గంటకు వంటిల్లు చాలు. పసుపు నీళ్లలో చిక్కగా కలిపి, తెల్ల కాగితం ముక్కలు తడిపి ఆరబెట్టమనండి. ఒకదానిపై సబ్బునీళ్లు, ఇంకోదానిపై వంటసోడా నీళ్లు, మిగతావాటిపై నిమ్మరసం, చింతపండు పులుసు ఒక్కో చుక్క వేయమనండి. మొదటి రెండూ ఎర్రబడతాయి, పులుపు తగిలినవి పచ్చగానే ఉంటాయి. ఎర్రబడ్డచోట నిమ్మకాయ పిండితే మళ్లీ పాత రంగు వస్తుంది. సరిగ్గా ఇక్కడే పెద్దవాళ్లు "అది క్షారం, ఇది ఆమ్లం" అని పాఠం అందుకుంటారు. కాసేపు నోరు మెదపకండి. "ఇంకా వేటితో ఎర్రబడుతుందో చూడు" అంటే చాలు, షాంపూ, పెరుగు, టూత్‌పేస్టు, బూడిద నీళ్లు అన్నీ వరుసకడతాయి. ప్రతి చుక్కకూ ముందు ఏమవుతుందనుకున్నదీ, తర్వాత ఏమయిందీ నోటుబుక్కులో పక్కపక్కనే రాయించండి. ఊహ తప్పిందని కొట్టేస్తుంటే ఆపండి. అసలు సరుకంతా ఆ తేడాలోనే ఉంది. పెళ్లిలో పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎలా చేస్తారో నాయనమ్మను అడగమంటే సున్నం సంగతి తెలుస్తుంది. సున్నం మాత్రం మీరే కలపండి, కంట్లో పడితే ప్రమాదం.

వేసవి సెలవుల్లో డాబా మీద పని ఉంది. హైదరాబాద్‌లో ఏటా మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం సుమారు 12 గంటల 12 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన సీసాకు పక్కన నీడే కనిపించదు. ఆ ఒక్కరోజు చూపించి ఊరుకోకండి. మే మొదటి నుంచే రోజూ అదే సమయానికి నీడ చివర సుద్దముక్కతో గీత పెట్టించండి. ఉత్తరానికి పడే నీడ కురచవుతూ వచ్చి, మాయమై, ఆపైన దక్షిణానికి తిరుగుతుంది. ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి నీడ మాయమవుతుంది. తిరుపతిలో ఇది ఏప్రిల్‌లోనే జరుగుతుంది, ఆదిలాబాద్‌లో హైదరాబాద్ తర్వాత. ఎందుకలా అని పిల్లలు అడిగినప్పుడు మీకు తెలియకపోతే "నాకూ తెలియదు, చూద్దాం పద" అనడంలో నామోషీ ఏమీ లేదు.

సైన్సు ప్రదర్శనకు బజారులో కొన్న థర్మోకోల్ అగ్నిపర్వతం పంపకండి. అది తండ్రి ప్రాజెక్టని చూడగానే తెలిసిపోతుంది. పిల్లల సొంత ఆలోచన ఏదైనా ఉంటే, బడిపిల్లల కొత్త ఆలోచనలను ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ మానక్ పథకానికి పంపమని బడిలో సైన్సు టీచర్‌ను అడగండి. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు ఇస్తారు.

పదో తరగతి దగ్గరికొచ్చేసరికి మన ఇళ్లలో సైన్సంటే ఇంజినీరు లేదా డాక్టరు. పరిశోధన అనే మూడో దారి ఉందని ముందు తెలుసుకోవలసింది పెద్దవాళ్లే. తిరుపతిలో 2015 నుంచి ఐసర్ ఉంది, సైన్సు చదువుకూ పరిశోధనకూ కేంద్రం పెట్టిన సంస్థ అది. ఇంటర్ తర్వాత ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సు చదవచ్చు. ప్రవేశ పరీక్ష పేరు ఐఏటీ. అందులో 60 ప్రశ్నలు: భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, గణితం, ఒక్కోదానికి 15. ఎంపీసీ వాళ్లు జీవశాస్త్రాన్ని, బైపీసీ వాళ్లు లెక్కల్ని ఇంటర్‌లో పూర్తిగా అటకెక్కిస్తే ఇక్కడ దెబ్బతింటారు. భువనేశ్వర్‌లో ఇలాంటిదే నైసర్ అనే సంస్థ ఉంది, దానికి నెస్ట్ అనే పరీక్ష రాయాలి. బెంగళూరులోని సైన్సు పరిశోధన సంస్థ ఐఐఎస్సీలో నాలుగేళ్ల డిగ్రీ ఉంది.

"ఇదంతా కూడు పెడుతుందా?" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. న్యాయమైన ప్రశ్నే. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేస్తుండగానే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ అందుతుంది. 2023 జనవరి నుంచి ఇదే రేటు. అయితే స్థిరమైన ఉద్యోగం దొరికేసరికి ముప్పై దాటడం మామూలే. ఈ సంగతి పిల్లల దగ్గర దాచకండి, మీరూ మరచిపోకండి.

దేశంలో ఎన్నో ప్రయోగశాలలు నడిపే ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం సెప్టెంబర్ 26. ఏటా ఆ తేదీ చుట్టుపక్కల హైదరాబాద్‌లోని సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) లాంటి దాని ప్రయోగశాలలు విద్యార్థులను లోపలికి రానిస్తుంటాయి. ప్రకటన చూసుకుని తీసుకెళ్లండి. అక్కడి పరిశోధక విద్యార్థులను నిన్న ఏ ప్రయోగం చెడిందో, ఎందుకు చెడిందో మీ అమ్మాయినే అడగనివ్వండి. జీతం, హాస్టలు, పెళ్లి వగైరా ప్రశ్నలు మీరు తర్వాత విడిగా అడుగుదురుగాని.